ఆటో స్టార్టర్ పీకేద్దాం

మీ ఫోటోలు ఎక్కడున్నాయి అని అడిగితే మన క్లాసులో అందరూ చెప్పే సమాధానం ఒక్కటే. క్లౌడ్‌లో. ఏ క్లౌడ్, ఎవరి అకౌంట్, ఎప్పుడు వెళ్ళాయి, మొత్తం వెళ్ళాయా సగం వెళ్ళాయా అని ఇంకో ప్రశ్న వేస్తే సైలెన్స్. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మనకే ఇలా ఉంటే ఇంట్లో వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

క్లౌడ్ మీద నాకేం పగ లేదు. నాకూ రెండు అకౌంట్లున్నాయి. నేను చెప్పదల్చుకున్నది చిన్న విషయం: మనకి విలువైన ఫైళ్ళకి ఒక కాపీ మన ఇంట్లో, మన డిస్క్ మీద ఉండాలి. హాస్టల్లో కూర్చుని కూడా ఆ డిస్క్‌కి పని చెప్పగలగాలి. ఆ పని దానంతట అది జరగకూడదు, మనం మొదలుపెడితేనే జరగాలి. మూడోది వినగానే "ఏంట్రా, ఆటోమేటిక్‌గా అయ్యేదాన్ని మళ్ళీ మాన్యువల్ చేస్తావా" అని మా రూమ్మేట్ నవ్వాడు. ఈ వ్యాసం అతనికే.

ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి స్టార్టర్ డబ్బా అంటే తెలుసు. మాది జనగామ వైపు, అంతా బోర్ల వ్యవసాయం. త్రీఫేజ్ కరెంటు కొన్ని గంటలే ఇచ్చే రోజుల్లో, అదీ ఏ అర్ధరాత్రో వచ్చేది కాబట్టి, రైతులు మోటార్లకి ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే మొదలవుతుంది. చీకట్లో పొలానికి పోయి పాము మీద కాలు వేసే అవసరం తప్పింది, మంచి సౌకర్యమే. తర్వాత తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అప్పుడు అదే సౌకర్యం తిరగబడింది. కరెంటు పోవడం లేదు, మోటారు ఆగడం లేదు. మడి నిండినా బోరు పోస్తూనే ఉంటుంది, భూమిలో నీళ్ళు అడుగంటుతాయి. ఆటో స్టార్టర్లు తీసేయండి అని ప్రభుత్వమే రైతులకి చెప్పాల్సి వచ్చింది.

ఇంకో డబ్బా కూడా ఉంది, మొబైల్ స్టార్టర్. దాంట్లో ఒక సిమ్ ఉంటుంది. ఆ నంబరుకి ఫోన్ చేసి ఒక అంకె నొక్కితే మోటారు ఆన్, ఇంకో అంకె నొక్కితే ఆఫ్. కరెంటు ఉందా, మూడు ఫేజులూ ఉన్నాయా, మోటారు నడుస్తోందా అన్నది అదే చెప్తుంది. బోర్లో నీళ్ళు అయిపోతే ఆపేస్తుంది. మా తాత పెళ్ళి పందిట్లో కూర్చుని కూడా దీంతో మాట్లాడతాడు. "కరెంటు ఉన్నదో లేదో డబ్బా చెప్తది. మడి తడిసిందో లేదో నేను చెప్పాలె" అంటాడు. రెండు డబ్బాలకీ ఉన్న తేడా అంతా ఆ మాటలోనే ఉంది. రెండోదానిలో పని యంత్రం చేస్తుంది, ఎప్పుడు చేయాలన్నది మనిషి చెప్తాడు.

మన ఫోన్లలో ఉన్న ఆటో సింక్ మొదటి రకం డబ్బా. కరెంటు రాగానే మోటారు తిరిగినట్టు, వైఫై తగలగానే ఎక్కించడం మొదలుపెడుతుంది. గుడ్ మార్నింగ్ బొమ్మలు, స్క్రీన్‌షాట్లు, పొరపాటున తీసిన చెప్పుల ఫోటో, తాతయ్య ఆఖరి పుట్టినరోజు వీడియో, అన్నీ దానికి ఒకటే. కోటా నిండిపోయాక ఆగిపోతుంది. ఆగిపోయిందని నోటిఫికేషన్ వస్తుంది, దాన్ని మనం పక్కకి తోసేస్తాం. ఇంకా పెద్ద సమస్య ఏంటంటే, సింక్ అంటే రెండు వైపులా ఒకేలా ఉంచడం. అంటే ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. మా పిన్ని ఫోన్ నిండిపోయిందని గ్యాలరీలో రెండేళ్ళ ఫోటోలు తీసేసింది, "పైన ఉన్నాయిగా" అన్న ధైర్యంతో. పైనా పోయాయి. ట్రాష్‌లో కొన్నాళ్ళు ఉంటాయని ఎవరైనా చెప్పేలోపు ఆ కొన్నాళ్ళు కూడా అయిపోయాయి. సింక్ దాని పని అది సరిగ్గానే చేసింది. పిన్నికి కావాల్సింది సింక్ కాదు, బ్యాకప్. ఆ రెండూ వేరని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఇక కోటాల సంగతి. గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేకుండా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి ఉచితం 15 జీబీనే. విద్యాసంస్థలకి ఇచ్చిన అపరిమిత స్టోరేజీ కూడా 2022లో పోయింది. మూల ప్లాన్‌లో సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ. వేలమంది విద్యార్థులున్న కాలేజీలో మనిషికి ఎంత వస్తుందో మీరే భాగించుకోండి. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత అకౌంట్లని తీసేయడం 2023 డిసెంబర్ నుంచి మొదలుపెట్టారు. ఇవేవీ మోసాలు కావు, ముందే చెప్పి చేసినవే. వాళ్ళ ఇల్లు, వాళ్ళ రూల్స్. మన సీనియర్ల సీనియర్లకి ఆర్కుట్ గుర్తుండే ఉంటుంది, 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు సామాను ఎక్కడుందో మనకే తెలిసి ఉండాలి కదా.

ఇక అసలు విషయం. ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్‌కో రాస్ప్‌బెర్రీ పైకో ఒక హార్డ్ డిస్క్ తగిలించి, రౌటర్ పక్కన పెట్టామనుకుందాం. దీనికి నాస్ అని పెద్ద పేరుంది, దుకాణంలో అదే పేరుతో పదుల వేలకి అమ్ముతారు. మనకి అంత అక్కర్లేదు. మొత్తం కలిపి పది వాట్లు లాగుతుందనుకుంటే నెలకి 7.2 యూనిట్లు. మా అమ్మకి మాత్రం ఆ పెట్టె మీద లైటు రాత్రంతా మిణుకుమిణుకుమంటూ ఉంటే దిగులు. "ఎందుకురా అది, ఊకె తిరుగుతది" అని ప్లగ్గు పీకేస్తుంది. దానికి మందు ప్లగ్గు మీద అంటించిన ఒక చీటీ. సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు, వెతికాను.

ఇప్పుడు మీరు హాస్టల్లో ఉన్నారు, ఫోన్లో రోజుకి 1.5 జీబీ డేటా. ఒక ఉదాహరణ మన క్లబ్‌కి దగ్గరగా ఉండేది తీసుకుంటా. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఇవాళ మనకి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ఆ ఆర్కైవ్ మీద 2024 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు సైటే తెరుచుకోలేదు. ఆ కొన్ని రోజులు నాకు ఏదో తెలియని భయం వేసింది, నేను అప్పటికి వాటిలో పట్టుమని నాలుగు పుస్తకాలు కూడా చదవకపోయినా సరే. సరే, కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలు ఒక 500 దాచుకుందాం అనుకోండి. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళకి హక్కు తీరిపోతుంది. గురజాడ 1915లో, కందుకూరి 1919లో పోయారు, ఆ తరం రచనలతో ఏ ఇబ్బందీ లేదు. ఒక్కో స్కాన్ సగటున 40 ఎంబీ అనుకుంటే 20 జీబీ. ఫోన్ డేటాతో దించితే రెండు వారాలు, అదీ ఇంకేం చూడకుండా. దించాక మళ్ళీ ఇంటికి ఎక్కించాలంటే ఇంకో రెండు వారాలు.

అదే ఫోన్ నుంచి ఇంటి పెట్టెకి "ఈ లిస్టులో ఉన్నవి నువ్వు దించు" అని ఒక్క లైను పంపితే? ఆ లైను బరువు వంద బైట్లు కూడా ఉండదు. ఫైళ్ళు ఆర్కైవ్ నుంచి నేరుగా ఇంటికి వెళ్తాయి, మన ఫోన్ దారిలోనే లేదు. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే, అంటే సెకనుకి 12.5 ఎంబీ, అవతలి సర్వర్ కూడా అంత వేగం ఇస్తే 20 జీబీకి 27 నిమిషాలు. ఇవ్వకపోతే తెల్లారేసరికి అయిపోతుంది. మెస్‌లో దోసె కోసం లైన్లో నిలబడి మొదలుపెట్టొచ్చు. ఇదే నాకు ఈ మొత్తం వ్యవహారంలో అందంగా అనిపించేది. ఆజ్ఞ ఒక దారిలో, బరువు ఇంకో దారిలో. తాత ఫోన్లోంచి నీళ్ళు పారవు కదా.

ఇందులో తిరకాసు లేదా అంటే ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఇంటి పెట్టెలోకి వెళ్ళి డౌన్‌లోడ్ మొదలుపెట్టాక, లిఫ్ట్ ఎక్కితే సిగ్నల్ పోతుంది, కనెక్షన్ తెగుతుంది. తెగగానే మనం మొదలుపెట్టిన పనికి కూడా ఒక సిగ్నల్ అంది, చాలాసార్లు అది చచ్చిపోతుంది. ఆ సిగ్నల్ పేరు హ్యాంగప్. ఫోన్ లైన్ల మీద మోడెమ్‌లతో కంప్యూటర్లకి కనెక్ట్ అయిన రోజుల్లో ఫోన్ పెట్టేయడం అన్నమాట. అందుకే పనిని టీమక్స్ లాంటి దాంట్లో పెట్టి వదిలేయాలి, లేదా నోహప్ వాడాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో సిగ్నల్స్ మీద ఐదు మార్కుల ప్రశ్న రాశాం, అది ఇక్కడ పనికొస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

రెండో తిరకాసు, అసలు ఇంటి పెట్టెని బయటి నుంచి చేరుకోవడం. ఐపీవీ4లో ఉన్నవి మొత్తం సుమారు 430 కోట్ల అడ్రసులు, అందరికీ చాలవు. కాబట్టి చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్ళని ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెడతాయి. పెద్ద అపార్ట్‌మెంట్‌కి ఒకటే గేటు, వాచ్‌మన్‌కి మన ఫ్లాట్ నంబరు తెలీదు, అలా. మీ రౌటర్ పేజీలో బయటివైపు అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ ఆ అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. ఇందుకోసమే 2012లో ఆ అడ్రసులు పక్కన పెట్టారు. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ ట్యుటోరియల్స్ ఎన్ని చూసినా లాభం లేదు.

నిజానికి అది మంచికే అంటాను నేను. ఇంటి డిస్క్‌కి ఇంటర్నెట్ వైపు నేరుగా తలుపు తెరవడం చాలా చెడ్డ ఆలోచన. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ళ మై బుక్ లైవ్ అనే ఇంటి డ్రైవులు ప్రపంచమంతటా ఒక్కొక్కటిగా ఖాళీ అయిపోయాయి. జనం పొద్దున్నే లేచి చూస్తే డబ్బా ఫ్యాక్టరీ రీసెట్ అయి ఉంది, ఏళ్ళ ఫోటోలు లేవు. ఆ మోడల్‌కి చివరి అప్‌డేట్ 2015లో వచ్చింది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు, బయటివాళ్ళు ఆ లోపాల్లోంచి దూరి చెరిపేశారు. డబ్బాని ఇంటర్నెట్ నుంచి తీసేయండి అని కంపెనీయే చెప్పింది. దూరం నుంచి మనం ఆజ్ఞ ఇవ్వగలిగే తలుపు ఇంకెవరికీ తెరుచుకోకూడదు. అందుకే వైర్‌గార్డ్. 2020లో లైనక్స్ 5.6 కెర్నల్‌లోనే చేరిపోయింది. దాని మీద కట్టిన టెయిల్‌స్కేల్ లాంటివైతే ఆ అపార్ట్‌మెంట్ గేటు సమస్యని కూడా దాటించేస్తాయి, రెండు వైపుల నుంచీ బయటికి పిలిపించి మధ్యలో చేతులు కలిపిస్తాయి. ఇన్‌స్టాల్ చేయడం పావుగంట పని. పాస్‌వర్డ్ తీసేసి కీ పెట్టుకోవడం ఇంకో ఐదు నిమిషాలు.

ఇంటికి ఎక్కించే పనికి నా ఓటు ఆర్‌సింక్‌కే. 1996 నాటిది, ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ రాశారు. మనకంటే పెద్దది. అవతల ఇప్పటికే ఉన్న ఫైలుని ముక్కలుగా చూసి, తేడా ఉన్న ముక్కలే పంపుతుంది. పార్షియల్ అన్న ఆప్షన్ ఇస్తే, మధ్యలో తెగినప్పుడు అప్పటిదాకా వచ్చినదాన్ని పారేయదు, మళ్ళీ మొదలుపెడితే అక్కడి నుంచి అందుకుంటుంది. హాస్టల్ వైఫై తెలిసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. డిలీట్ అనే ఆప్షన్ ఉంది, అది పెడితే ఇక్కడ లేనివి అక్కడా తీసేస్తుంది, మళ్ళీ మా పిన్ని కథే. ఏదైనా ముందు డ్రై రన్‌లో పెట్టి చూడండి, ఏం చేయబోతోందో చెప్తుంది, చేయదు. తమాషా ఏంటంటే మోటార్ల భాషలోనూ డ్రై రన్ ఉంది. నీళ్ళు లేకుండా పంపు తిరిగి కాలిపోవడం. నేను రోజుకోసారి డ్రై రన్ చేస్తానంటే మా తాత కంగారుపడ్డాడు.

మొబైల్ స్టార్టర్ తిరిగి జవాబు చెప్తుందన్నాను కదా, మన పెట్టె కూడా చెప్పాలి. దూరం నుంచి మొదలుపెట్టి, అయిపోయిందనుకుని మర్చిపోవడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే నయం. ఆర్‌సింక్ పని సవ్యంగా ముగిస్తే సున్నా ఇస్తుంది, కొన్ని ఫైళ్ళు వెళ్ళకపోతే 23 ఇస్తుంది. ఆ అంకెని ఫోన్‌కి మెసేజ్‌గా పంపే నాలుగు లైన్ల స్క్రిప్ట్ మనలో ఎవరైనా రాయగలరు. పెద్ద ఫైళ్ళకి రెండు వైపులా షా-256 లెక్కేసి పోల్చాలి. డిస్క్‌లో ఖాళీ ఎంతుందో కూడా అదే మెసేజ్‌లో రావాలి.

"ఇంత కష్టం ఎందుకు, నెలకి రెండు టీల డబ్బు కడితే పోలా?" ఈ ప్రశ్న న్యాయమైనదే. పెద్ద కంపెనీల డేటా సెంటర్లలో మీ ఫైలు ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉంటుంది. మా ఇంట్లో టేబుల్ మీద ఉన్న ఒక్క డిస్క్ రేపు పిడుగు పడితే పోతుంది. ఆ విషయంలో ఇల్లు ఎప్పటికీ గెలవదు. అందుకే ఇంటి కాపీ ఒక్కటే సరిపోతుందని నేను అనను. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి బయట అని పాత రూల్ ఉంది, అందులో క్లౌడ్‌కీ చోటుంది. కానీ అకౌంట్ పోతే, కోటా మారితే, కార్డు ఎక్స్‌పైర్ అయితే అక్కడున్న అన్ని కాపీలూ ఒకేసారి అందకుండా పోతాయి. ఆ రోజుకి ఇంటి డిస్క్ కావాలి. పైగా ఏం పంపాలో మనం కూర్చుని ఎంచుకోవడం వల్ల ఇంకో లాభం ఉంది. నెలకోసారి మొదలుపెట్టేటప్పుడు ఫోల్డర్ తెరిచి చూస్తాం. ఫైలుకి పేరు పెడతాం. వీడియో 0417 అన్నది "నానమ్మ, దంపుడు పాట, సంక్రాంతి" అవుతుంది. ఆటో సింక్ పదేళ్ళు నడిచినా ఆ పని చేయదు. ముఖాలు గుర్తుపట్టగలదేమో, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో దానికెలా తెలుస్తుంది?

ఇదంతా ఇప్పుడెందుకంటే మన క్లబ్ వల్లే. రెండేళ్ళుగా సెలవులకి ఊరెళ్ళిన ప్రతిసారీ మనవాళ్ళు ముసలివాళ్ళ దగ్గర పాటలు, సామెతలు, పొడుపు కథలు రికార్డు చేసుకొస్తున్నారు. బతుకమ్మ పాటలున్నాయి, నాట్ల పాటలున్నాయి, ఒకావిడ నవ్వు ఆపుకోలేక సగంలో ఆపేసిన పాట ఉంది. పాడినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఈ రికార్డింగులన్నీ ఎక్కడున్నాయని అడిగితే, ఫైనలియర్ అన్న ఒకాయన కాలేజీ మెయిల్ డ్రైవ్‌లో. ఆయన జూన్‌లో వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆ అకౌంట్ ఎన్నాళ్ళుంటుందో ఆయనకీ తెలీదు, నేను అడిగాను. షేర్ చేసిన లింకు మనందరి దగ్గరా ఉంది కదా అనకండి. లింకు అనేది తాళంచెవి మాత్రమే, ఇల్లు పడిపోతే తాళంచెవితో ఏం చేస్తాం.

నా ప్రతిపాదన ఇది. రెండు ఇళ్ళు, రెండు డిస్కులు. ఒకటి హైదరాబాద్‌లో ఫైబర్, ఇన్వర్టర్ ఉన్న మెంబర్ ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్ళో. మెంబర్ల ఒక్కొక్కరి కీకి ఒకటే పని అప్పగిద్దాం, కొత్త ఫైలు చేర్చడం. ఉన్నదాన్ని మార్చడం, చెరపడం కుదరకుండా ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల్లోనే కట్టడి చేయొచ్చు. రికార్డింగ్ చేసినవాళ్ళు ఊరి పేరు, పాడినవాళ్ళ పేరు, తేదీ రాసి, వాళ్ళ అనుమతి ఉందో లేదో రాసి, తామే పంపడం మొదలుపెట్టాలి. నెలకోసారి ఇద్దరు కూర్చుని ఒక ఫైలు యాదృచ్ఛికంగా తీసి పూర్తిగా వినాలి. అన్నీ వినక్కర్లేదు, ఒక్కటి చాలు, డిస్క్ బతికుందో లేదో తెలుస్తుంది, మనకీ ఒక పాట వస్తుంది.

ఒక డిస్క్ నా దగ్గర ఉంది, 2 టీబీ, ఖాళీగానే. రెండోది ఎవరి ఇంట్లో పెట్టొచ్చో చెప్పండి. అమ్మ ప్లగ్గు పీకని ఇల్లయితే మేలు. అన్న దగ్గరున్న ఫైళ్ళ లిస్టు తయారుచేస్తున్నా, మొత్తం 38 జీబీ తేలింది, మిడ్స్ అయిపోయిన శనివారం రాత్రి మొదటి డ్రై రన్.